ఎనభై ఏడు

ఎండకాలం మొదట్ల
నా బండికి ఒక మీటరు పెట్టించిన.
గేరుబాక్సు కడుపుల ఆయిలు ఎంత కాగిందో
ఎర్రటి అంకెలల్ల చెప్తది.
పెట్టించినకాడి నుంచి నాకు నిమ్మళం లేదు.

అంతకుముందు ఏడేండ్లు నడిపిన.
మంగపేట కల్లాలకాడ మిరప ఎత్తుకొని,
ముప్పై రెండు బస్తాలు, మీద తాడ్‌పత్రి,
తాడ్వాయి అడవి దాటి, పస్రా దాటి
తెల్లారకముందే ఎనుమాముల గేటుకాడ లైన్ల పెట్టేది.
లోపల ఎంత వేడున్నదో
నాకూ తెల్వదు, బండికీ తెల్వదు.
ఇద్దరం మంచిగనే ఉన్నం.

ఇప్పుడు రోడ్డు చూడ, అంకె చూస్త.
ఏటూరునాగారంల యాభై రెండు.
పస్రాల డెబ్భై.
గట్టమ్మ గుట్ట ఎక్కుతుంటె రెండో గేర్ల
ఎనభై నాలుగు, ఎనభై ఆరు...
అమ్మవారికి దండం పెట్టుడు మర్చి
ఎనభై ఏడుకు పెట్టిన.
బండి పక్కకాపి, బానెట్ లేపి నిలబడ్డ,
ఏం చూడాల్నో తెల్వక.
లారీలు హారన్ కొట్టుకుంట పోయినయి.
ఆ రోజు కాంటా లేటయింది, అడ్తి షావుకారితోని మాట పడ్డ.

ఇంట్ల స్వరూప ఆశ కార్యకర్త.
కరోనప్పుడిచ్చిన నుదుటి తుపాకి
ఇంకా ఉన్నది ఆమె సంచిల.
"ఆ డబ్బ అబద్ధం చెప్తుందేమో, ఆగు" అని
కొంగు నడుముకు చెక్కి
బండి కిందికి వంగి గురి పెట్టింది.
అంకె రాలే.
రెండు ఇంగ్లీషు అక్షరాలొచ్చినయి: హెచ్, ఐ.
"హాయ్ అంటుంది నీ బండి" అని నవ్వింది.
నేను నవ్వలే.
"ఇది మనుషులకే. నలభై మూడు దాటితే
దీంట్ల అంకె ఉండదు, మనిషీ ఉండడు.
మరి బండికి నార్మల్ ఎంత?"
ఏడేండ్లు నడిపినోన్ని.
నా కాడ జవాబు లేదు.

ములుగు రోడ్డు మీద యాకూబ్ మామ షెడ్డు.
మామ మీటరు దిక్కు చూడనే చూడలే.
బోల్టు వదులు చేసి, కారిన ఆయిలు రెండు వేళ్ల నడుమ రాకి
వాసన చూసిండు,
మా అవ్వ పచ్చి పులుసు చూసినట్టు.
"మాడిన వాసన లేదు. ఇనుప రజను లేదు."
"ఎనభై ఏడు, మామా!"
"అయితేంది? పండ్లు పండ్లు ఒరుసుకుంటయి,
టన్ను మీద లోడు, కాగదా?
సల్లగున్న ఆయిలు గడ్డ పెరుగు.
కాగితెనే సందుసందుకు పోతది.
అరవై నుంచి తొంభై దాని ఇల్లు.
వంద దాటి, దిగుట్ల గూడ దిగకపోతె అప్పుడు రా.
ఎంత ఎక్కిందని గాదురా,
దిగుతుందా లేదా చూడు.
నమ్మకం లేకుంటె చెయ్యి వెనక దిక్కు ఆనిచ్చి
మూడు లెక్కపెట్టు."
పైసలు తీసుకోలే. చాయి మాత్రం నాతోని తాగిపిచ్చుకున్నడు.

ఆ రాత్రి గట్టమ్మ గుట్ట దిగినంక చూసిన.
ఎనభై ఏడు. ఎనభై ఐదు.
జాకారం కాడికి డెబ్భై తొమ్మిది.
ఎవరో నా వీపు నిమిరినట్టయింది.

ఎనుమాములల తేజ రకం రెండు వేలు పడ్డదట.
పక్క సీట్ల పోదెం రామస్వామి
మంగపేట నుంచి ఒక్క మాట ఆడలే.
ఇంజను బందు పెట్టినంక గూడ దిగలే.
ఇన్ని రాత్రులు ఎర్రంకె దిక్కే చూసిన గని
పక్కన కూసున్న మనిషి ఎంత కాగిండో చూడలే.
ఈయన నుదురుకు తుపాకి పెడితె
ఏమొస్తుండెనో.
"దిగు కాకా, చాయి తాగుదం" అన్న.
శానాసేపటికి దిగిండు.

ఆయన చాయి ఊదుకుంటుంటె
నేను బండి కిందికి వంగి
చెయ్యి ఆనిచ్చిన.
ఒకటి, రెండు, మూ...
గుంజుకున్న.
ఇప్పటిదాక మండుతనే ఉన్నది.
మిరపదా, గేరుబాక్సుదా,
నేనైతె చెప్పలేను.